జైల్లో ‘విడుదల’కు రెండు అర్థాలు

చర్చిలో రోజూ నలిగే మాటలు కొన్ని జైలు గేటు దాటగానే అర్థం మార్చుకుంటాయి. బయట ‘సాక్ష్యం చెప్పడం’ అంటే దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. యావజ్జీవం పడి లోపలున్న మనిషికి సాక్ష్యం అంటే, పక్కింటాయన కోర్టులో బోనెక్కి తనవైపు వేలు చూపించిన రోజు. ‘ఒప్పుకోలు’ అంటే పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టించుకున్న కాగితం. ‘సంఘంలో చేరండి’ అని పాస్టరుగారు పిలిస్తే, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన పెద్దవయసు ఖైదీకి ముందు గుర్తొచ్చేది రైతుకూలీ సంఘం. ‘అన్నలు వచ్చిండ్రు’ అన్నా అంతే, ఆ ఊళ్లలో అన్నలంటే నక్సలైట్లు, ఆ మాటకు ఉన్న చరిత్ర వేరు. పాత తెలుగు బైబిల్లో ‘సమాధానము’ అని కనిపించినచోట శాంతి అని చదువుకోవాలని ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే జవాబు అనే అర్థం చేసుకుంటారు.

వీటిలో ఎక్కువ నష్టం చేసేది ‘విడుదల’. పాటల్లో, ప్రార్థనల్లో విడుదల అంటే పాపం నుంచి, భయం నుంచి, తాగుడు నుంచి. లోపల ఆ మాటకు ఒకటే అర్థం, గేటు. ఈ రెండింటినీ మొదట్లోనే విడదీసి చెప్పకపోతే, జైల్లో మొలిచిన విశ్వాసం అప్పీలు కొట్టేసిన రోజున ఎండిపోతుంది. దీర్ఘకాల శిక్షలో వచ్చే మారుమనస్సు నిలుస్తుందా లేదా అన్నది చాలామట్టుకు ఇక్కడే తేలుతుంది.

ముందు గేటు సంగతి స్పష్టంగా తెలియాలి. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లనో ఇరవై ఏళ్లనో చాలామంది అనుకుంటారు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. 14 ఏళ్లన్నది వేరే లెక్క. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే, రెమిషన్ (శిక్ష తగ్గింపు) కలపకుండా 14 ఏళ్లు నిజంగా జైల్లో గడిపేదాకా ప్రభుత్వం ఆ ఖైదీని విడిచిపెట్టకూడదు. 1978లో పాత క్రిమినల్ ప్రక్రియ చట్టమైన సీఆర్పీసీలో 433-ఏగా చేరిన ఈ నియమం, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 475వ సెక్షన్‌గా కొనసాగుతోంది. దీనితో పాటు రాజ్యాంగం ఆర్టికల్ 161 కింద శిక్ష తగ్గించడానికి గవర్నర్‌కు విడిగా అధికారం ఉంది. కొన్ని కేసుల్లో ఇన్నేళ్ల దాకా రెమిషనే లేదని హైకోర్టు, సుప్రీంకోర్టులే తీర్పులో రాయవచ్చని 2015లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పెరోల్ మీద బయట గడిపిన రోజులు ఆ 14 ఏళ్లలోకి రావని 2023లో గోవా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం మీద ఖైదీకి ఉన్నది తన ఫైలును పరిశీలించమని అడిగే హక్కు. విడుదల చేయమని అడిగే హక్కు కాదు.

ఆ ఫైలులో ఉండేవి జైలు ప్రవర్తన రికార్డు, పడిన శిక్షలు, పెరోల్ నుంచి వేళకు తిరిగి వచ్చాడా లేదా అన్న వివరం, పోలీసుల నివేదిక, ప్రొబేషన్ అధికారి విచారణ. బాప్తిస్మం సర్టిఫికెట్‌కు అందులో చోటు లేదు. ఈ సంగతి దాచకుండా చెప్పే పాస్టరే ఖైదీకి నిజమైన ఆప్తుడు.

దీర్ఘశిక్షలో కాలం ఒకేలా నడవదు. తీర్పు వచ్చిన కొత్తలో ఆశంతా హైకోర్టు అప్పీలు మీదే ఉంటుంది. ప్రార్థన కూడా దాని చుట్టే తిరుగుతుంది. మేడారం జాతరలో ఎత్తు బెల్లం తూచి మొక్కు చెల్లించే ఉత్తర తెలంగాణ ప్రాంతం ఇది. కోరిక తీరితే చెల్లించడం ఇక్కడి మనిషికి ఉగ్గుపాలతో వచ్చిన భక్తి. అదే అలవాటుతో ‘బెయిలు వస్తే బాప్తిస్మం తీసుకుంటా’ అంటారు. దానికి కోప్పడాల్సింది లేదు. మనిషి తనకు తెలిసిన దారిలోనే దేవుని దగ్గరికి నడుస్తాడు. కానీ అక్కడే ఆగిపోతే, అప్పీలు పోయిన వారం బైబిలు తలగడ కిందికి వెళ్లిపోతుంది. ప్రార్థన కూడికకు రావడం మానేస్తారు, కొందరు తిండి మానేస్తారు. బయటి చర్చి నుంచి వెళ్లే బృందం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాల్సిన వారం అది. క్రిస్మస్‌కు వెళ్లకపోయినా ఫర్వాలేదు, ఆ వారం మాత్రం తప్పకూడదు.

ఆ తర్వాత వచ్చేవి నడుమ ఏళ్లు. కబురుండదు, కోర్టు తేదీ ఉండదు. ములాఖత్‌కు వచ్చే మనుషులు తగ్గుతారు. తల్లి పోతుంది, పిల్లల పెళ్లిళ్లు అయిపోతాయి. ఆగస్టు 15, అక్టోబర్ 2, జనవరి 26 దగ్గరపడుతుంటే ‘లిస్టు వస్తోందట’ అన్న మాట బ్యారక్ బ్యారక్‌కూ పాకుతుంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను విడుదల చేసినప్పటిలా నిజంగానే లిస్టు వచ్చినా, పేరు లేనివాళ్లు వెళ్లేవాళ్లను చూస్తూ లోపలే ఉండిపోవాలి. విశ్వాసానికి అసలు పరీక్ష ఈ నడుమ ఏళ్లలోనే.

అందుకే ఏ వాక్యం చదివించాలన్నది ముఖ్యం. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం చాలామందికి కంఠతా వస్తుంది. దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావు, మేలుకే అన్న వాగ్దానం అది. దాని పైనే ఉన్న 10వ వచనంలో 70 ఏళ్లన్న మాట ఉంది. ఆ పైన, చెరలో ఉన్నవాళ్లు అక్కడే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోవాలని, ఉన్న పట్టణం మేలు కోరి ప్రార్థించాలని ఉంది. లోపలివాళ్లకు ఈ మూడూ కలిపి చదివించాలి. అపొస్తలుల కార్యములు 12లో పేతురు చెరసాల నుంచి బయటపడతాడు. అదే అధ్యాయం రెండో వచనంలో యాకోబు కత్తికి బలైపోతాడు. ఇద్దరి కోసమూ సంఘం ప్రేమగానే ఉంది. 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల తలుపులు తెరుచుకుంటాయి, పౌలూ సీలా మాత్రం బయటికి పారిపోరు. వాళ్లు కదలకుండా ఉండటం వల్లనే జైలు అధికారి ప్రాణం నిలబడుతుంది. ఆదికాండంలో యోసేపును పానదాయకుల అధిపతి మరిచిపోయాక మరో రెండేళ్లు చెరలోనే గడుస్తాయి. అద్భుతం జరిగిన వచనం దగ్గరే ఆపకుండా ముందూ వెనకా చదివితే, విడుదల రాని మనిషికి కూడా ఆ పుస్తకంలో చోటు కనిపిస్తుంది.

మారుమనస్సు అన్నది తెలుగు బైబిలు ఇచ్చిన చక్కని మాట. పశ్చాత్తాపం వెనక్కి చూసి కుమిలిపోతుంది. మారుమనస్సు మనసు మారి వేరే దారి పట్టడం. అది వచ్చిందో లేదో తెలుసుకోవడానికి కన్నీళ్లు కొలమానం కావు, క్రియాపదం వినాలి. ‘కేసైంది’, ‘కేసుల ఇరికిచ్చిండ్రు’, ‘తాగిన మత్తుల అయిపాయె’, ‘తప్పు జరిగిపోయింది’, ‘నా రాత’. ఈ మాటల్లో చేసినవాడు ఎక్కడా లేడు. విశ్వాసంలోకి వచ్చాక ‘సాతాను చేయించాడు’ అన్న మాట కొత్తగా చేరుతుంది. అదీ ఆ కోవలోదే, కేవలం బైబిలు మాటలు తొడుక్కుంది. 51వ కీర్తనలో దావీదు తన అతిక్రమం, తన పాపం అని చెప్పుకున్నాడే తప్ప ఎవరి మీదికీ నెట్టలేదు. ‘జరిగింది’ నుంచి ‘చేశాను’ దాకా రావడానికి కొందరికి ఐదారేళ్లు పడుతుంది. తొందరపెట్టి ఆ మాట అనిపిస్తే అది పాఠం అప్పజెప్పడమే అవుతుంది.

ఇక్కడ చట్టం తెచ్చే చిక్కు ఒకటుంది. అప్పీలు పెండింగులో ఉండగా నేరం వివరాలు బయటివాళ్లతో చెప్పడం ప్రమాదం. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు గానీ, పాస్టరుతోనో తోటి ఖైదీతోనో అన్న మాట కోర్టుకెక్కవచ్చు. బలహీనమైన సాక్ష్యమే అయినా సాక్ష్యమే. వకీలుకు చెప్పిన మాటకు మన సాక్ష్యాధార చట్టంలో ఉన్న రక్షణ పాస్టరుకు చెప్పిన మాటకు లేదు. కతోలిక సభలో పాపసంకీర్తన (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) రహస్యాన్ని గురువు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదన్నది సభ చట్టం, దేశ చట్టం కాదు. కాబట్టి వెళ్లేవాళ్లు ‘ఏం చేశావు బాబూ’ అని అడగకూడదు. అతనే మొదలుపెడితే, ఆ వివరాలు దేవునితో చెప్పుకొమ్మని, వకీలుతో మాట్లాడమని నెమ్మదిగా ఆపాలి. ఇంకో మాట. నేరం చేయలేదని గట్టిగా చెప్పేవాళ్లలో నిజంగా చేయనివాళ్లూ ఉంటారు. వాళ్ల నోట ఒప్పుకోలు రాబట్టాలని చూడటం పాపం.

ఉత్తర తెలంగాణలో హత్య కేసులు భూమి గట్టు దగ్గర, ఇంటి గొడవల్లో, తాగుడులో పుడతాయి. వీటితో పాటు ప్రత్యేకంగా చూడాల్సినవి మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో జరిగేవి. ఇంట్లో ఒకరికి జబ్బు నయం కాదు, పక్కింటి ముసలాయన బాణామతి చేశాడంటారు, అది హత్యదాకా పోతుంది. ఇలా శిక్ష పడ్డవాళ్లు విశ్వాసంలోకి వచ్చినప్పుడు బోధించేవాళ్లు ఎంతో జాగ్రత్తగా మాట్లాడాలి. దయ్యాలు, చేతబడి కట్లు, శత్రువు ప్రయోగాలు అంటూ ప్రసంగం సాగితే, చంపడానికి కారణమైన నమ్మకం అలాగే మిగిలి, దాని మీద బైబిలు అట్ట మాత్రమే పడుతుంది. ‘ఆయన మంత్రగాడే, కానీ నేను చంపకుండా ఉండాల్సింది’ అన్నచోట ఆగిన మనిషి ఇంకా మారలేదు. ‘ఆయన ఏమీ చేయలేదు. మావాడిది జ్వరం’ అన్న మాట రావాలి. దానికి ప్రార్థనతో పాటు జైలు డాక్టరు చెప్పే నాలుగు మాటలు కూడా కావాలి.

రోజువారీ పద్ధతి లేకుండా ఏదీ నిలవదు. చీకటి పడకముందే లాకప్, తెల్లవారాక అన్‌లాక్. మధ్యలో దాదాపు 12 గంటలు బ్యారక్‌లోనే. లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, కానీ టీవీ, మాటల మధ్య చదువు సాగదు. మరుగుదొడ్ల దగ్గర వరస మొదలవకముందు, తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదు మధ్య దొరికే నిశ్శబ్దమే మంచి వేళ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆదికాండం నుంచి బయల్దేరితే లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. 16 అధ్యాయాల మార్కు సువార్తతో మొదలుపెట్టడం సులువు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున సరిగ్గా 52 వారాలు. కీర్తనలు 150, రోజుకు ఐదు చదివితే నెలలో ఒక విడత పూర్తవుతుంది. శిక్ష పొడవునా ఇది ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్క వేసుకుంటే, రోజులు లెక్కపెట్టడం కన్నా అది మేలు.

నలభై ఐదు దాటినవాళ్లు ‘అర్థం కావడం లేదు’ అంటే చాలాసార్లు అసలు సంగతి చూపు. దగ్గరి అద్దాలు ఇప్పించి, పెద్ద అక్షరాల కొత్త నిబంధన ఇస్తే వారంలో తేడా తెలుస్తుంది. చదువు రానివాళ్లకు తెలంగాణ జైళ్లలో విద్యాదానం పేరుతో అక్షరాలు నేర్పే కార్యక్రమం నడిచింది. వేలిముద్ర వేసిన చేతితో సంతకం పెట్టడం నేర్చుకున్న మనిషి, తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ‘యె-హో-వా నా కా-ప-రి’ అని చదవడం విన్నవాళ్లకు తెలుస్తుంది, అందులో ఎంత గౌరవం తిరిగి వస్తుందో.

చెడేదీ లోపలే చెడుతుంది. ప్రార్థన గుంపులో గొంతున్న ఖైదీ ఒకడు కొన్నాళ్లకు ‘పాస్టరు’ అయిపోతాడు. క్యాంటీన్ సరుకుల్లో వాటా, తగాదాల్లో తీర్పు, కొత్తవాళ్ల మీద పెత్తనం మొదలవుతాయి. దీనికి మందు, నడిపించే బాధ్యత నెలకొకరికి మార్చడం. రెండోది రాత్రి పాటలు. అదే బ్యారక్‌లో నమాజు చేసుకునేవాళ్లు, దీక్షలో ఉన్నవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు ఉంటారు. ఒక్క ఫిర్యాదుతో అనుమతి పోతుంది. అరగంట, చిన్న గొంతుతో, చప్పట్లు లేకుండా చాలు. మూడోది బయటివాళ్లు తెచ్చే సబ్బులు, బట్టలు. కూడికకు వచ్చినవాళ్లకే పంచితే హాజరు పెరుగుతుంది, విశ్వాసం పెరగదు. ఇవ్వదలిస్తే సూపరింటెండెంట్ ద్వారా బ్యారక్ మొత్తానికి ఇవ్వాలి.

వరంగల్ వాళ్లకు దూరం కూడా పెద్ద చిక్కే. నిజాం కాలంలో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేయించి, ఆ స్థలాన్ని పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఖైదీలు చర్లపల్లికి, ఇతర జైళ్లకు వెళ్లిపోయారు. మామునూరు దగ్గర కొత్త జైలు ప్రతిపాదన ఉంది. అంతకుముందు ఫాతిమానగర్ నుంచో హన్మకొండ నుంచో ఆటోలో పోయి రాగలిగిన పని, ఇప్పుడు కాజీపేటలో రైలెక్కి ఒక రోజంతా పెట్టుకోవాల్సిన పని. అందుకని నెలకొకసారైనా అవే ముఖాలు వెళ్లడం, ప్రతిసారీ కొత్త బృందం వెళ్లడం కన్నా మంచిది. ముందుగా రాతపూర్వక అనుమతి, పేర్ల జాబితా, గుర్తింపు కార్డులు ఉండాలి. నలుగురైదుగురు మించకూడదు. ఫోను, డబ్బు, ఖైదీ ఇంటివాళ్లు ఇచ్చిన చీటీ, ఏదీ జేబులో ఉండకూడదు. నిషిద్ధ వస్తువులు లోపలికి చేరవేయడం 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద నేరం. ‘అమ్మకు ఈ ఒక్క ఉత్తరం’ అని బతిమాలినా జైలు ఆఫీసు ద్వారానే పంపించాలి. పుస్తకాలు మెత్తని అట్టవి, జైలు లైబ్రరీ ముద్రతో ఇప్పిస్తే తనిఖీల్లో పోవు.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి పులియని ద్రాక్షరసం వాడాలి. మద్యం గేటు దాటదు. మనిషికి 25 మిల్లీలీటర్ల చొప్పున 40 మందికి ఒక లీటరు సరిపోతుంది. నల్ల ద్రాక్షను ఆ ఉదయమే మరిగించి వడకట్టాలి, ముందురోజు చేస్తే వేసవిలో పులుస్తుంది. కతోలిక పూజలో గురువు పుచ్చుకునే కొద్దిపాటి ద్రాక్షాసవానికి విడిగా అనుమతి అడగాలి. మిగిలినవాళ్లకు అప్పం ఇస్తే చాలు.

బాప్తిస్మం విషయంలో తొందర పనికిరాదు. కనీసం ఒక ఏడాది ఆగి, అప్పీలు ఫలితం తర్వాత కూడా అదే కోరిక ఉంటే, ఖైదీ స్వయంగా రాసిచ్చిన కాగితం సూపరింటెండెంట్‌కు అందాక చేయాలి. ఆర్టికల్ 25 మనస్సాక్షి స్వేచ్ఛ ఇస్తుంది. ఇంకొకరిని మతం మార్చే హక్కు దానిలో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చొరవ లోపలి మనిషిదే కావాలి. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) వాళ్లు నీళ్లు చల్లుతారు, కతోలికులు జ్ఞానస్నానంలో తల మీద పోస్తారు. బాప్టిస్టు, బ్రదరన్ సంఘాల వాళ్లకు మాత్రం ముంచాలి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు తొట్టిలో నడుముదాకా నీళ్లంటే దాదాపు 1,800 లీటర్లు. ఎండాకాలం జైల్లో అన్ని నీళ్లు అడగడం న్యాయం కాదు. వానలు పడేదాకా ఆగవచ్చు.

దీనికి ముందే కూర్చుని మాట్లాడాల్సింది కులం సర్టిఫికెట్ గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు తెలంగాణలో బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ ఒక శాతం. కోయ, లంబాడా వంటి ఎస్టీలకు మతంతో ముడి లేదు. తండ్రి నిర్ణయం పిల్లల స్కాలర్‌షిప్ మీద పడుతుందా అన్నది న్యాయసేవాధికార సంస్థ వకీలును అడిగి, భార్యకు చెప్పి, ఆ తర్వాత అడుగు వేయాలి. ఈ సంగతి దాచిపెట్టి బాప్తిస్మం ఇవ్వడం ఆ కుటుంబానికి అన్యాయం చేయడమే.

చనిపోయినవాళ్ల కుటుంబం దగ్గరికి వచ్చేసరికి మంచి ఉద్దేశాలే ఎక్కువ హాని చేస్తాయి. మారుమనస్సు పొందిన మనిషి మొదట చేయాలనుకునేది క్షమించమని ఉత్తరం రాయడం. ఆ ఉత్తరం అవతలి ఇంట్లో బెదిరింపులా చదవబడుతుంది, లేదా లిస్టు కోసం వేసిన ఎత్తులా కనిపిస్తుంది. రాయాలి, కానీ పంపకుండా నోటు పుస్తకంలో ఉంచుకోవాలి. లూకా సువార్తలో సుంకం వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, క్షమించమని ఎవరినీ పట్టుబట్టలేదు. చేయగలిగింది ఇంకొకటుంది. బాధిత కుటుంబాలకు పరిహార పథకం ఉందని, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలని చాలా ఊళ్లలో తెలియదు. నిందితుడి వైపు సంబంధం లేని ఊరి పెద్ద ద్వారా ఆ కబురు చేరేలా చూడవచ్చు.

చివరికి పెరోల్ మీదో, పూర్తిగానో ఊరికి వచ్చే రోజు. చర్చిలో మొదటి ఆదివారమే మైకు చేతికిచ్చి ‘సాక్ష్యం చెప్పు బ్రదర్’ అంటారు. ఇవ్వకూడదు. అదే ఊళ్లో, మైకు వినపడే దూరంలో, ఆ చావును ఇంకా మోస్తున్న ఇల్లుంటుంది. కనీసం ఏడాదిపాటు అతను వెనక చాప మీద కూర్చుని పాడితే చాలు. విడుదల షరతుల ప్రకారం ప్రొబేషన్ అధికారి ముందు హాజరయ్యే తేదీలు గుర్తుంచుకోవడానికి సంఘంలో ఒకరు బాధ్యత తీసుకోవాలి. కూలికి పిలిచే రైతు ఒకరు, పాత తాగుడు స్నేహాలు పిలిచినప్పుడు ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టే కుటుంబం ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి. ప్రార్థన మందిరానికి దగ్గరి దారి చనిపోయినవాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే, చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పది నిమిషాలు ముందు బయల్దేరితే సరిపోతుంది.